“నిద్ర రాదు సార్, కళ్లు మూసుకుంటాయంతే”: ఒక లారీ డ్రైవరు గురక కేసు

ఆ తెల్లవారుజామున కావలి దాటిన కాసేపటికి ఆయన లారీ డివైడరెక్కింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ముందు యాక్సిల్ వంగింది, రేడియేటర్ పోయింది, సరుకు ఒకరోజు ఆలస్యంగా చెన్నై చేరింది. ఆయన లెక్కలో అది స్టీరింగ్ తప్పు. క్లీనరు కుర్రాడు మాత్రం ఇంటికొచ్చాక ఆయన భార్యతో, “వదినా, అన్న కళ్లు తెరిచే ఉన్నాడు, కానీ అక్కడ లేడు” అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చారు.

నేను విజయవాడలో ఊపిరితిత్తుల డాక్టర్ని. స్లీప్ ల్యాబు కూడా నేనే చూసుకుంటాను. ఈ కేసు రాయడానికి దంపతులిద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. జబ్బు పేరు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి పదేపదే ఆగిపోవడం. వైద్యపరంగా ఇందులో అరుదైనదేమీ లేదు, ఇలాంటివాళ్లు ప్రతి వారం వస్తూనే ఉంటారు. నిద్రలో గాలి పంపే మిషన్ రాసిచ్చి పంపితే నా పని అయిపోయిందనుకునే అలవాటు ఒకటి నాకుండేది. దాన్ని ఈయన కొంత వదిలించారు కాబట్టి రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఈయన నాకు కొత్త పేషెంటు కాదు. రెండేళ్ల క్రితం దగ్గుతో వచ్చారు. ఎక్స్‌రే తీయించాను, బీడీ మానమన్నాను, మందు రాశాను. నిద్ర గురించి ఒక్క ముక్క అడగలేదు. పొట్టి మెడ, బొజ్జ, మూడు బీపీ మాత్రలు వాడుతున్న నలభై ఏడేళ్ల లారీ డ్రైవరు ఎదురుగా కూర్చుంటే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఒక్కో బాధకీ ఒక్కో ఓనరు

“గురక పెడతారా?” అంటే “అందరూ పెడతారు కదండీ” అన్నారు. “పగలు నిద్ర ముంచుకొస్తుందా?” అంటే కొంచెం ఆలోచించి, “నిద్ర రాదు సార్, కళ్లు మూసుకుంటాయంతే” అన్నారు. ఆయన హాస్యానికి అనలేదు. ఆయనకి నిజంగా అవి రెండూ వేరు. నిద్ర అంటే రాత్రి మంచం మీద పడుకునేది. కళ్లు మూసుకోవడం ఎండకీ, పొగకీ, డ్యూటీకీ వచ్చేది.

మిగతావన్నీ కూడా అలాగే పంచేసి ఉన్నాయి. రాత్రి మూడుసార్లు మూత్రానికి లేవడం షుగరు ఖాతాలో పడింది. పొద్దున్నే తలనొప్పి డీజిల్ పొగది. నోరెండిపోవడం ఫ్యాను గాలిది. బీపీ వాళ్ల నాన్నది. చీటికీ మాటికీ కోపం “నా నైజమే అంత సార్”. ప్రతి బాధకీ అప్పటికే ఒక ఓనరున్నాడు. అందుకని ఏదీ మిగిలి నా దగ్గరికి రాలేదు.

పగటి మగతని కొలవడానికి ఎప్‌వర్త్ స్కేలు వాడతాం. మెల్‌బోర్న్‌లో ముర్రే జాన్స్ అనే డాక్టరు 1991లో తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల కాగితం ఇది. మొత్తం 24 మార్కులు, 10 దాటితే ఆలోచించాలి. ఈయన తనకు తాను 5 వేసుకున్నారు. అదే కాగితం ఆవిడకి విడిగా ఇచ్చి, ఆయన గురించి నింపమన్నాను. 16 వచ్చింది. ట్రాఫిక్‌లో బండి ఆగినప్పుడు కునుకు పడుతుందా అన్న ప్రశ్నకి ఆయన సున్నా, ఆవిడ మూడు. ఎలా తెలుసమ్మా అని అడిగాను. “బెంజి సర్కిల్ దగ్గర రెడ్డు పడితే స్కూటరు మీద ఈయన వీపు మెల్లిగా నా మీదకి ఒరుగుతుందండి. పచ్చ పడేలోపు నేనే ముందుకి నెడతాను.”

ఈ తేడాకి ఆయన్ని తప్పుపట్టలేం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2003లో వెలువడిన ఒక ప్రయోగం నాకు తరచూ గుర్తొస్తుంది. ఆరోగ్యవంతుల్ని రెండు వారాల పాటు రోజుకి 6 గంటలే నిద్రపోనిచ్చారు. చివరికి వాళ్ల చురుకుదనం ఒక రాత్రంతా మేలుకున్నవాళ్ల స్థాయికి పడిపోయింది. మగతగా ఉందా అని అడిగితే మాత్రం ఏదో కొద్దిగా అన్నారు. నిద్ర తక్కువైన ఒంటికి తన లోటు తనకి తెలియడం తగ్గిపోతుంది. ఈయనకి ఆ లోటు రెండు వారాలది కాదు, ఆవిడ లెక్క ప్రకారం పదేళ్లు పైబడినది.

పరీక్షలు, ఆ రాత్రి

ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు, బీఎంఐ 33. మెడ చుట్టుకొలత 43 సెంటీమీటర్లు. మగవాళ్లలో 40 దాటితేనే అనుమానించాలి. మూడు మాత్రల మీద కూడా బీపీ 152/98. మూడు నెలల షుగరు 7.4. థైరాయిడ్ బాగానే ఉంది. రక్తంలో బైకార్బొనేట్ 25. అంటే పగలు కూడా కార్బన్ డయాక్సైడ్ పేరుకునే రకం జబ్బు కాదని కొంత ధైర్యం.

నోరు తెరిచి నాలుక చాపమంటే కొండనాలుక కనబడలేదు, మెత్తటి అంగిలీ కనబడలేదు. మల్లంపాటి నాలుగో తరగతి, అంటే అన్నిటికన్నా ఇరుకైన గొంతు. ప్రపంచమంతా మత్తు డాక్టర్లు రోజూ పలికే ఈ పేరు మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి బోస్టన్ వెళ్లిన మల్లంపాటి శేషగిరిరావు గారిది. గొంతులో గొట్టం వేయడం ఎంత కష్టమవుతుందో ముందే అంచనా వేయడానికి 1985లో ఆయన రాసిన పద్ధతి తర్వాత గురక డాక్టర్లకీ పనికొచ్చింది. మా జూనియర్లలో సగం మందికి ఆయన తెలుగువారని తెలియదు. ప్రతి బ్యాచికీ చెబుతుంటాను.

రాత్రంతా నిద్రని రికార్డు చేసే స్లీప్ స్టడీలో ఆయన 362 నిమిషాలు నిద్రపోయారు. ఊపిరి పూర్తిగానో సగానికో ఆగిన సందర్భాలు 326. గంటకి 54. అయిదు లోపైతే మామూలు, 30 దాటితే తీవ్రం. వెల్లకిలా ఉన్నప్పుడు 71, పక్కకి తిరిగితే 38. ఆక్సిజన్ అన్నిటికన్నా కిందకి దిగినప్పుడు 68 శాతం. పొడవైన విరామం 71 సెకన్లు. అది తెల్లవారుజామున, కలలొచ్చే దశలో వచ్చింది. ఆ దశలో ఒంటి కండరాలు చాలావరకు వదులవుతాయి, గొంతు గోడలూ నాలుక మొదలూ కూడా అందులో ఉంటాయి. దారి మూసుకుపోతుంది, ఛాతీ లోపలికి లాగుతూనే ఉంటుంది, గాలి రాదు. చివరికి మెదడు ఉలిక్కిపడి కొన్ని సెకన్లు మేలుకుంటుంది. అంత చిన్న మెలకువ గుర్తుండదు. అందుకే పొద్దున “బ్రహ్మాండంగా పట్టింది సార్” అన్నారు.

ఛాతీ అలా ఖాళీగా లాగినప్పుడల్లా గుండె పై గది సాగి, ‘నీళ్లెక్కువయ్యాయి’ అనుకుని మూత్రం పెంచే హార్మోను వదులుతుంది. రాత్రి మూడుసార్లు లేవడంలో షుగరు వాటా కొంతే. ఉలికిపాటు ప్రతిసారీ బీపీని ఎగదోస్తుంది. పొద్దుటి తలనొప్పి రాత్రి పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ది. పదేళ్లుగా వేరువేరు ఓనర్ల దగ్గరున్న సరుకంతా ఆ ఒక్క రాత్రిలో ఒకే గోడౌన్‌కి చేరింది.

మర్నాడు ఆ 71 సెకన్ల వీడియో ఆయనకి చూపించాను. అందరికీ చూపించను, కొందరు భయపడి నిద్రకే దూరమవుతారు. ఈయన కుర్చీ ముందుకి లాక్కుని చూశారు. చూస్తూ చూస్తూ, తనకి తెలియకుండానే, తెర మీద మనిషితోపాటు తనూ ఊపిరి బిగబట్టారు. నలభై సెకన్ల దగ్గర ముఖం ఎర్రబడి వదిలేశారు. తెర మీద మనిషి ఇంకా వదల్లేదు. ఆయన రెండోసారి ఊపిరి పీల్చుకుని, మూడోసారి పీల్చుకుని, తెరవైపే చూస్తూ ఉన్నారు. గురక ఫెళ్లుమని మొదలయ్యేసరికి ఆవిడ తల తిప్పేసుకున్నారు. “ఇదండీ రోజూ నేను వినేది. ఆగినప్పుడు భుజం పట్టుకుని కుదుపుతాను. ఒక్కోసారి నాకూ నిద్ర పట్టేస్తుంది. అప్పుడేమవుతోందో నాకూ తెలియదు.”

మిషన్ తలగడ కింద

చికిత్స సీప్యాప్. సిడ్నీలో కోలిన్ సలివన్ 1981లో మొదలుపెట్టిన పద్ధతి. చిన్న మోటారు గాలిని ఒత్తిడితో ముక్కులోకి పంపుతుంది, ఆ గాలే లోపల దన్నుగా నిలబడి గొంతు మూసుకోకుండా చూస్తుంది. చాలామంది దీన్ని ఆక్సిజన్ మిషన్ అంటారు. ఇందులో విడిగా ఆక్సిజనేమీ ఉండదు, గదిలో గాలే. ఈయనకి 11 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దగ్గర గంటకి 54 కాస్తా 4 అయింది. ఖరీదు విని, “జత టైర్లు మార్చినట్టే కదా” అని కొనేశారు.

గురక లేని ఆ మొదటి రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదట. “చప్పుడు లేకపోయేసరికి భయమేసిందండీ. లేచి మాస్కు పక్కన చెయ్యి పెట్టి గాలి తగులుతోందో లేదో చూశాను. నాలుగుసార్లు.”

నెల తర్వాత మిషన్‌లో వాడకం నమోదయ్యే కార్డు తీసి చూస్తే వాడకం సగటున రెండు గంటల పది నిమిషాలు. రాత్రికి కనీసం నాలుగు గంటలు లేకపోతే వాడినట్టు లెక్కే కాదు, అదీ అరకొరే. ఎందుకు తీసేస్తున్నారంటే “నేను తియ్యను సార్, పొద్దున లేచి చూస్తే తలగడ కింద ఉంటుంది” అన్నారు. నిజమే చెబుతున్నారు. చేతులు తీస్తున్నాయి, మనిషికి తెలియదు.

నేను మామూలుగా చేసేవన్నీ చేశాను. మాస్కు సైజు మార్చాను, ఒత్తిడి మెల్లగా పెరిగేలా పెట్టాను, జబ్బు ఎంత ప్రమాదమో మళ్లీ చెప్పాను. రెండు గంటల పది నిమిషాలు రెండు గంటల నలభై అయింది. అప్పటికి బండి తోలవద్దన్న నా మాట మీద మరో డ్రైవర్ని పెట్టుకుని, కిస్తీలు కడుతూ ఇంట్లో కూర్చున్నారు. పూర్తిగా కూర్చున్నారని ప్రమాణం చేయలేను. పగటి పూట ఊళ్లో లోడ్లు వేశారని నా అనుమానం.

మా ఫిజియోథెరపిస్టు ఒక మాట అంది. “సార్, మీరు ఆయనకి రాత్రి ఏం జరుగుతోందో చెబుతున్నారు. ఆయనకేం తెలుస్తోందో ఎవరూ అడగలేదు.”

పగలు, కూర్చుని

అక్కణ్ణుంచి దారి మార్చాం. మధ్యాహ్నం మెలకువగా, కుర్చీలో కూర్చుని, మిషన్ పెట్టుకుని ఇరవై నిమిషాలు. టీవీ లేదు, ఫోను లేదు. ఏమనిపిస్తే అది చెప్పడమే పని. మొదటిరోజు పదో నిమిషంలోనే ఒకటి బయటపడింది. “పీల్చడం బాగుంది సార్. వదలడమే కష్టం. ఎదురుగాలిలో ఖాళీ బండి తోలినట్టుంది.” ఎదురుగాలికి ఆయన పొట్టతో తోస్తున్నారు. ఫిజియో ఆయన చేతినే పొట్ట మీద పెట్టించింది. తోయకుండా, జారనిస్తే చాలని నేర్పింది. మిషన్‌లో కూడా వదిలేటప్పుడు ఒత్తిడి తగ్గే సదుపాయం ఆన్ చేశాం. అది ముందే చేసి ఉండాల్సింది.

మూడోరోజు ఇంకొకటి. మంచం మీద ఎడమవైపు తిరిగి పడుకోబెట్టినప్పుడు, “ఎడమ ముక్కు మూసుకుంది” అన్నారు. కుడివైపు తిరిగితే అంత లేదు. లోపల చూస్తే దూలం ఎడమకి వంగి ఉంది, ఎలర్జీ వాపూ ఉంది. ముక్కు స్ప్రే, ఉప్పునీళ్ల కడుగు మొదలుపెట్టాం. ముక్కు మూసుకున్నప్పుడు నోరు తెరుచుకుంటుంది, గాలి నోట్లోంచి పోతుంది, చేతులు మాస్కు పీకేస్తాయి. నెలన్నర నుంచి నేను వెతుకుతున్న కారణం ఆయన ఒంట్లోనే ఉంది, అడిగిన మూడో రోజుకి దొరికింది. మరుసటి నెల సగటు అయిదు గంటల నలభై.

ఇక పుస్తకం. ట్రిప్పు షీట్లు రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీల నుంచి రోజూ నాలుగు సంగతులు రాయమన్నాను. ఎన్నిసార్లు లేచారు, నోరు, తల, పదకొండు గంటలకి కళ్లు. రాత్రి సంగతి ఒంటికి గుర్తుండదు, పొద్దుటికి మాత్రం ఆనవాళ్లుంటాయి. ఆయన తన భాషలోకి మార్చుకున్నారు. నోరు: ‘తడి’, ‘పొడి’. తల: ‘లోడు’, ‘హాఫ్ లోడు’, ‘ఖాళీ’. ఆరో వారంలో మొదటిసారి ‘ఖాళీ’ అని రాసి, పక్కన ఇంకో వాక్యం రాశారు: ‘ఇంత తేలిగ్గా ఉంటదని తెలీదు.’ నాకు చూపిస్తూ, “పుల్లింగు తగ్గిన బండినే పదేళ్లు తోలాను సార్, బండే అంత అనుకున్నాను” అన్నారు.

ఇంజను చప్పుడులో చిన్న తేడా వచ్చినా పసిగట్టే మనిషి ఈయన. ఆ చెవిని తనవైపు తిప్పుకోవడమే మిగిలింది. కునుకుకి ముందు ఏమేం వస్తాయో ఆయనా క్లీనరూ కూర్చుని జాబితా రాశారు. నేను రాస్తే ఆవులింత, కళ్ల మంట అని రాసేవాణ్ణి. వాళ్లు రాసినవి వేరు: అద్దాలు చూడటం మానేయడం, పాట అయిపోయాక ఏ పాటో గుర్తుండకపోవడం, అనవసరంగా ముందు బండిని తిట్టడం, స్టీరింగ్ పట్టుకున్న వేళ్లు తనవి కానట్టుండటం. అద్దాల సంగతి క్లీనరు కనిపెట్టింది. వీటిలో ఏ ఒక్కటి కనబడినా రెప్పలు బరువెక్కేదాకా ఆగకుండా బండి పక్కకి తీసి ఇరవై నిమిషాలు పడుకోవాలి. ముఖం కడుక్కోవడం, కిటికీ దించడం పనిచేయవు. టీ పనిచేయడానికి అరగంట పడుతుంది, ఆ అరగంటలోనే డివైడర్లు ఎక్కేది. ఒక్క సంగతి గట్టిగా చెప్పాను: చికిత్స లేకుండా ఈ జాబితా ఒక్కటే పట్టుకుని రోడ్డెక్కడానికి వీల్లేదు. గంటకి 54 సార్లు ఊపిరాగే మనిషి తన మగతని తను కొలవలేడు, ఎప్‌వర్త్ కాగితం మీద చూశాం కదా.

బండిలో పడుకోవడం సంగతి ఆయనే తేల్చుకున్నారు. లారీ కరెంటు 24 వోల్టులు. ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత సరైన కన్వర్టర్ పెట్టించి, క్యాబిన్ వెనక బెర్తు మీద మిషన్‌కి చోటు చేసుకున్నారు. నీటి తొట్టి వాడితే బ్యాటరీ తాగేస్తుంది కాబట్టి బండిలో దాన్ని తీసేస్తారు. ఇంట్లో ఆ తొట్టిలో బ్యాటరీ వాటర్ పోస్తున్నారని తెలిసి మాత్రం కేకలేశాను. యాసిడ్ డబ్బాల పక్కన పెట్టి అమ్మే నీళ్లని ఊపిరితిత్తుల్లోకి పీల్చుకోకూడదు. మెడికల్ షాపు డిస్టిల్డ్ వాటరే వాడాలి.

ఒళ్లు అబద్ధం చెప్పిన మూడు రాత్రులు

అయిదో నెలలో ఆయన మిషన్ ఇంట్లో వదిలేసి వైజాగ్ ట్రిప్పు వేశారు. మూడు రాత్రులు. “ఒంట్లో బాగానే ఉంది సార్, తగ్గిపోయిందనుకున్నా.” ఒళ్లు చెప్పేది వినమని నేర్పింది మేమే. అది చెప్పిన మాటే ఇది. పుస్తకం తిప్పితే ఆ మూడు రోజులూ ఆయన చేతిరాతే వేరే కథ చెప్పింది: లేవడం సున్నా నుంచి రెండుకి, నోరు పొడి, మూడో రోజు తల హాఫ్ లోడు. బీపీ 128 నుంచి 146కి పోయింది. ఒంటి తీరు మొత్తం మీద ‘బాగుంది’ అన్న భావన ఎంత నమ్మదగనిదో, విడివిడి ఆనవాళ్లు ఎంత నమ్మదగినవో నాకూ ఆ పేజీలోనే స్పష్టంగా కనబడింది. ఆయన్ని ఏమీ అనలేదు. రెండు వారాల పేజీలు పక్కపక్కన పెట్టి చూడమన్నాను.

మిగతా వైద్యం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. తొమ్మిది నెలల్లో బరువు 94 నుంచి 87కి వచ్చింది, ఎక్కువగా రాత్రి దాబా పరోటాలు మానడం వల్ల. ఒక బీపీ మాత్ర తీసేశాం. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్ గురించి అడిగారు. టిర్జెపటైడ్‌కి 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఊబకాయంతో కూడిన స్లీప్ ఆప్నియాకి అనుమతిచ్చిన మాట నిజమే. ఈయన ఖర్చు చూసుకుని ప్రస్తుతానికి వద్దన్నారు. శంఖం ఊదితే గురక పోతుందని వాట్సాప్‌లో వచ్చిందన్నారు. అది ఉత్త పుకారు కూడా కాదు: జైపూర్‌లో 30 మందితో చేసి 2025లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, ఆరు నెలలు శంఖం ఊదినవాళ్లకి పగటి మగత తగ్గింది, గంటకి ఊపిరాగడం నాలుగైదు తగ్గింది. 54లోంచి అయిదు తీసేస్తే ఎంత మిగులుతుందో ఆయనే లెక్కేసుకుని నవ్వారు. ఊదండి, మిషన్ మాత్రం ఆపకండి అన్నాను.

పద్నాలుగో నెల

పోయిన నెల వచ్చినప్పుడు ఎప్‌వర్త్ కాగితం మళ్లీ ఇద్దరికీ విడివిడిగా ఇచ్చాను. ఆయన 6 వేసుకున్నారు, ఆవిడ 5. తన మార్కు ఆవిడ మార్కు కన్నా ఎక్కువ కావడం ఇదే మొదటిసారి.

కార్డులో సగటు ఆరు గంటల ఇరవై. ఒక్క తేదీ మాత్రం ఖాళీగా ఉంది. అడిగితే అత్తగారి ఊళ్లో గాలివానకి రాత్రంతా కరెంటు పోయిందట, బండి ఊరి బయట ఉందట. పడక్కుర్చీలో ఏటవాలుగా నిద్రపోయారు. మర్నాడు పొద్దున్నే నెల్లూరు లోడు. గుంటూరు దాటాక దాదాపు పదకొండింటికి, ముందు ఆటోవాణ్ణి పెద్దగా తిడుతున్న తన గొంతు తనకే వినబడిందట. బండి పక్కకి తీశారు. ఇరవై నిమిషాలు అనుకున్నది రెండు గంటలు పట్టింది, బెర్తు మీద, మాస్కు పెట్టుకుని.

సరుకు సాయంత్రానికి గానీ చేరలేదు. పార్టీ కిరాయిలో పదిహేను వందలు కోసుకున్నాడు. పుస్తకంలో ఆ తేదీ పేజీ చూపించారు. ‘లేచింది 2. నోరు పొడి. తల లోడు. 11: తిట్టాను.’ దాని కింద, ట్రిప్పు ఖర్చులు రాసే పద్ధతిలోనే: ‘నిద్ర 1500.’